గాలిపెట్టె సుఖాలు

ముక్కుకు గొట్టం తగిలించుకుని నిద్రపోవడమంత హాయి ఈ భూమ్మీద మరొకటి లేదు!

నవ్వకండి. అనుభవం లేక నవ్వుతున్నారు. బూరుగుదూది పరుపు, దోమతెర, వెన్నెల్లో నులకమంచం, ఇవన్నీ మన తాతల నాటి సుఖాలు. నవనాగరికుడికి తగిన సుఖం ఒక్కటే. దాన్ని సీప్యాప్ యంత్రం అంటారు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగే మనుషులుంటారు. వాళ్ళ ముక్కులోకి ఇది రాత్రంతా గాలి ఊదుతూ గొంతు తెరిచి ఉంచుతుంది. తాండూరులో దీన్ని గాలిపెట్టె అన్నారు. ఆ పేరే బాగుంది కనుక మనమూ అదే అందాం.

గిట్టనివాళ్ళు దీనిమీద ఏవేవో పుట్టించారు. హోరు పెడుతుందట. ముక్కు ఎండిపోతుందట. గొట్టం మెడకు చుట్టుకుంటుందట. మాస్కు సరిగా అతక్క గాలి కళ్ళల్లో కొడుతుందట. ఇవీ ఒక ఇబ్బందులేనా? వీటన్నిటికీ మందు ఒక్కటే. ఆ మందు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. అంగడికి పోయి తెచ్చుకునే పనే లేదు. తాండూరు కరీముద్దీన్ ఇంట్లో అయితే ఆ మందు పేరు గౌసియాబీ.

కరీముద్దీన్ పెళ్ళిళ్ళ బావర్చి. తాండూరు నుంచి కుల్కచర్ల దాకా ఏ పెళ్ళిలో బిర్యానీ డేగు, అంటే ఆ పెద్ద గుండిగ, పొయ్యెక్కినా గరిటె ఆయన చేతిలోనే ఉండాలి. మనిషి కూడా డేగులాగే గుండ్రంగా ఉంటాడు. మెడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కొలతలు తీసే దర్జీకి కూడా అంతుపట్టదు. అలాంటి మెడలోంచి వచ్చే గురక ఎలా ఉండాలి? తగినట్టే ఉండేది.

గల్లీకి ఆ గురక అంటే గౌరవం. ఎదురుగా నాపరాళ్ళ దుకాణంలో కావలి కాసే జంగప్ప, "కరీంభాయ్ పండుకున్నడంటే నేను జర కన్ను మూస్త. దొంగలు ఈ గల్లీకి రారు, ఏదో లారీ స్టార్ట్ జేసి పెట్టిండ్రు అనుకుంటరు" అనేవాడు.

గురకతో ఎవరికీ ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా అది ఆగినప్పుడే, అదీ ఆయన భార్య గౌసియాబీ ఒక్కతికే. నడుస్తున్న పిండిగిర్నీ బెల్టు తెగినట్టు గురక ఠక్కున ఆగేది. ఛాతీ ఎగసిపడేది గానీ లోపలికి గాలి పోయేది కాదు. ఆమె భుజం పట్టి కుదిపితే, బావిలో మునిగినవాడు పైకి తేలినట్టు గుర్రుమని ఒక ఊపిరి. మళ్ళీ గురక. మళ్ళీ ఆగడం. కూతురు ఇస్మత్ పుట్టిన నాటి నుంచి ఇదే వరస. ఆ ఇస్మత్ ఇప్పుడు పెళ్ళయి పూడూరులో కాపురం చేసుకుంటోంది. ఇన్నేళ్ళుగా గౌసియాబీకి కూర్చున్న నిద్రే తెలుసు, పడుకున్న నిద్ర తెలియదు. ఒక చెయ్యి ఎప్పుడూ ఆయన భుజం మీదే ఉండాలి.

ఆమె నగలు అడగలేదు. చీరలు అడగలేదు. ఒక్క రాత్రి తల దిండు మీద పెట్టి, మళ్ళీ తెల్లారాక ఎత్తాలన్నది ఆమె కోరిక. అది తీరాలంటే ఆయన ఊపిరి తనంతట తాను నడవాలి. ఎంత అత్యాశో చూశారా?

చెబితే ఆయన నమ్మేవాడు కాదు. "నా ఊపిరి ఆగితే నాకు తెల్వదా?" అనేవాడు. దీనికి ఎవరు మాత్రం జవాబు చెప్పగలరు? పక్కింటి శాంతవ్వతో చెప్పుకుంటే ఆమె పెద్దగా జాలిపడలేదు. "గురకపెట్టే మొగడుండుడు నసీబ్ వదినా. మావోడు గురకపెట్టనీకైనా ఇంటికి రాడు" అన్నది.

అలా నడిచిపోయేదే. కానీ కుల్కచర్లలో ఒక పెళ్ళిలో కరీముద్దీన్ పట్టపగలు, పొయ్యి ముందు పీట మీద, చేతిలో గరిటె ఉండగానే నిద్రపోయాడు. తల మెల్లగా మంటవైపు వాలింది. పెళ్ళివారిలో ఎవరో కాలరు పట్టి వెనక్కి గుంజారు. గడ్డం సగం మాడింది. బిర్యానీ మాడలేదు గనుక ఎవరూ కోప్పడలేదు. పైగా, "బావర్చి అంటే గట్లుండాలె. గడ్డం కాలినా గంటె ఇడ్వలే" అని మెచ్చుకున్నారు.

గౌసియాబీ మాత్రం ఆ గడ్డాన్ని మెచ్చుకోలేదు. మర్నాడే ఆయన్ను హైదరాబాదు రైలెక్కించింది. అక్కడ విదేశాల్లో చదివొచ్చిన ఒక గొంతు డాక్టరు ఆమె చెప్పింది మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. విని, నమ్మాడు. ఇలాంటివాళ్ళకని బయటి దేశాల్లో కొత్తగా ఒక యంత్రం వచ్చిందని, మనదగ్గర దొరకదని చెప్పాడు. గౌసియాబీ తమ్ముడు షబ్బీర్ కువైట్‌లో ఒక ఆస్పత్రిలో పనిచేస్తున్నాడు. ఎనభై ఎనిమిదిలో సెలవు మీద వస్తూ, అక్కడ పక్కన పడేసిన పెట్టె ఒకటి అడిగి తెచ్చాడు. హైదరాబాదు డాక్టరు గాలి ఎంత ఊదాలో సరిచేసి ఇచ్చాడు.

కువైట్ పెట్టె అనగానే గల్లీ అంతా టేప్‌రికార్డరు అనుకుని వచ్చింది.

"పాటలు ఏ దిక్కుకెళ్ళి వస్తయి?" జంగప్ప పెట్టెను చుట్టూ తిరిగి చూశాడు.

"పాటలు రావు. గాలి కొడ్తది" అన్నాడు కరీముద్దీన్.

"గాలా? మన సైకిల్ దుకాణపోడు కొట్టడా? గింతదానికి కువైట్ పోవాల్నా?"

పెట్టెతో పాటు ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. చదివేవాళ్ళు లేరు గనుక అందరూ బొమ్మలు చూశారు. ఒక బొమ్మలో దొర మాస్కు పెట్టుకుని, నవ్వుతూ, ఒక్కడే నిద్రపోతున్నాడు. పక్కన ఎవరూ కూర్చుని లేరు. ఆ అచ్చేసినవాళ్ళెవరో గానీ పెద్ద పొరపాటు చేశారు. ఒక్కడే ఎలా నిద్రపోతాడు?

ఇక ఇబ్బందులు ఒక్కొక్కటే ఎలా తీరాయో వినండి. మీ ఇంట్లో ఎవరికైనా పనికొస్తుంది.

మొదటిది హోరు. పెట్టె పంపుస్టవ్వులాగా హోరుమనేది. తన గురకలో హాయిగా నిద్రపోయిన మనిషికి ఈ చప్పుడుకు నిద్ర పట్టలేదు. సున్నితమైన మనిషి పాపం! దానికి ఉపాయం సులువు. పెట్టెను బొంతలో చుట్టాలి. చుడితే అది వేడెక్కుతుంది. అందుకని మాటిమాటికీ బొంత ఎత్తి చల్లారనివ్వాలి. ఎవరు ఎత్తాలి? ఇంగ్లీషు పుస్తకంలో ఆ సంగతి ఉందో లేదో తెలియదు. తాండూరులో అలాంటివి పుస్తకంలో చూసుకోరు.

రెండోది గొట్టం. ఆయన ఇటు తిరిగితే గొట్టం అటు గుంజేది, అటు తిరిగితే మెడకు చుట్టుకునేది. దూలానికి తాడు వేసి గొట్టాన్ని వేలాడదీశారు. ఉయ్యాల తాడులాగా రెండో కొస ఒకరి చేతిలో ఉండాలి. ఆయన ఒత్తిగిలినప్పుడల్లా కాస్త వదలాలి, కాస్త లాగాలి. అది ఆడవాళ్ళకు అలవాటైన పనే కదా?

మూడోది ముక్కు ఎండిపోవడం. గాలి పీల్చుకునే చోట తడిబట్ట వేలాడదీస్తే గాలి చల్లగా వస్తుంది. బట్ట ఆరితే మళ్ళీ తడపాలి. కుండ దగ్గరే ఉంది, గౌసియాబీ దగ్గరే ఉంది.

నాలుగోది కరెంటు. దాని గురించి మీకు చెప్పక్కరలేదు. కరెంటు పోగానే పెట్టె ఆగుతుంది గానీ మాస్కు ముక్కుకే ఉంటుంది. వెంటనే తియ్యాలి. పెట్టె గాలి లేకుండా నిద్రలో పడితే ఊపిరి ఆగుతుంది కనుక భుజం కుదపాలి. కరెంటు వచ్చాక మళ్ళీ మాస్కు పెట్టి, తల వెనక పట్టీ బిగించాలి.

మునుపు ఆమె మేలుకుని ఉండటానికి ఒక్క కారణమే ఉండేది. ఇప్పుడు నాలుగైనాయి. దీన్నే అభివృద్ధి అంటారు!

యంత్రం మాత్రం మాట తప్పలేదు. కరీముద్దీన్ ముఖం తేటపడింది. పగటి కునుకు పోయింది. కొత్త గడ్డం మొలిచింది. "మస్తు నిద్ర పడ్తుంది. ఏం తక్లీఫ్ లేదు" అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాడు. గౌసియాబీ అంట్లు తోముతూ తోముతూ గోడకు ఆనుకుని కన్ను మూస్తే మాత్రం ఆశ్చర్యపోయేవాడు.

"పొద్దుపొద్దున్నే ఏం నిద్ర? రాత్రంత ఏం జేసినవ్?"

అంత ఆరోగ్యవంతుడికి ఇంకొకరి నిద్ర ఎలా అర్థమవుతుంది?

చివరికి ఒక్క ఇబ్బంది మిగిలింది. కరీముద్దీన్ కుర్రతనంలో డేగు మూత జారి మొహం మీద పడి ముక్కుదూలం సొట్టపోయింది. మాస్కు ఆ సొట్ట దగ్గర అతికేది కాదు. అక్కడి నుంచి గాలి సర్రున పోయి కళ్ళల్లో కొట్టేది. దీన్ని మాత్రం ఆయన గౌసియాబీకి వదల్లేదు. ఇది తన వృత్తికి సంబంధించిన విషయం.

బిర్యానీ దమ్ పెట్టడం చూశారుగా? డేగు మీద మూత పెట్టి, చుట్టూ గోధుమపిండి ముద్ద అతికిస్తారు. ఆవిరి ఒక్క పోగు కూడా బయటికి రాకూడదు. వచ్చిందంటే బావర్చికి తలవంపు. మూత చుట్టూ చెవి పెట్టి వినడం, సుయ్‌మన్న చోటల్లా పిండి ఒత్తడం కరీముద్దీన్ చేతులకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఆయన పిండి కలిపాడు. కాస్త నూనె రాసి, సన్నగా తాడులా పేని, ముక్కుదూలం మీద ఒత్తి మాస్కు పెట్టాడు. గాలి ఆగింది! కళ్ళు చల్లబడ్డాయి. కువైట్ ఆస్పత్రివాళ్ళకు తట్టని ఉపాయం. గల్లీలో దాన్ని అందరికీ చూపించాడు. జంగప్ప వేలు పెట్టి నొక్కి చూసి, "ఇంక కింద బొగ్గులు పెడ్తే అయిపాయె" అన్నాడు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ బావర్చి చెవి ఊరుకోదు, ఇంకా ఎక్కడో సుయ్‌మంటూనే ఉందంటుంది.

ఒకనాడు పెళ్ళి వంట ముగించుకుని తెల్లారి ఇంటికొచ్చి, మధ్యాహ్నం దాకా పడుకుంటానన్నాడు. గౌసియాబీ మాస్కు పెట్టి, పట్టీ బిగించి, వాకిట్లో బియ్యం ఏరుతూ కూర్చుంది. కాసేపటికి ఇల్లు ఏదోలా తోచింది. పెట్టె హోరు ఉంది. కానీ దాని వెనక ఎప్పుడూ సన్నగా సుయ్‌మనే చప్పుడు ఒకటి ఉండేది. అది లేదు.

చాట పక్కన పెట్టి లోపలికి పోయింది. ఆయన ముఖం నల్లబడి ఉంది. చెమట దిండు మీదికి కారుతోంది. గుండె ఎగిరెగిరి పడుతోంది గానీ మనిషి లేవడం లేదు. మాస్కు కింది భాగాన చిన్న రంధ్రం ఉండేచోట గోధుమపిండి ముద్ద, చక్కగా, వేలిముద్రతో సహా.

ఆమె మాస్కు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. పట్టీ తెగింది. కరీముద్దీన్ లేచి కూర్చుని, తల పట్టుకుని, చాలాసేపు అదే పనిగా ఊపిరి తీసుకున్నాడు.

"ఇస్మత్ అబ్బా, గా బొక్క ఎందుకు మూసినవ్?"

"గాలి పోతుండె."

"పోతే పోనీ."

"పోతే ఎట్ల? పిండి పెట్టినంక ఎక్కడికెళ్ళైన పోతదా? చూసినోళ్ళు ఏమంటరు?"

"ఎవరు చూస్తరు? ఈడ నేను తప్ప ఎవరున్నరు?"

ఇన్నేళ్ళు భుజం కుదిపి కుదిపి కాపాడుకున్న ఊపిరిని, పిడికెడు పిండి పట్టుకుపోయేది.

ఆ సాయంత్రమే వికారాబాదు రైలెక్కారు. హైదరాబాదు డాక్టరు శిష్యుడొకాయన అక్కడ చిన్న ఆస్పత్రి పెట్టుకున్నాడు. పిండి ఎండి అతుక్కున్న మాస్కును ఆయన దీపం కింద తిప్పి తిప్పి చూశాడు.

"నువ్వు వదిలిన గాలి బయటికి పోవడానికే ఈ రంధ్రం. దీన్ని మూస్తే వదిలిందే మళ్ళీ పీలుస్తావు."

"ఆవిరి పోతే ఉడకది గద సార్."

"నువ్వు ఉడకాల్సిన పని లేదు కరీముద్దీన్."

మాస్కు శుభ్రం చేసి, కొత్త పట్టీ కుట్టించి, ముక్కుదూలం మీద మెత్తటి గుడ్డ మడత చాలునని చూపించాడు. తరువాత ఇంట్లో వాడే పద్ధతంతా చెప్పించుకుని, అడిగాడు. "రాత్రి మాస్కు ఎవరు పెడతారు?"

"ఆమెనే సార్."

"తీసేది?"

"ఆమెనే."

"బొంత, తాడు, తడిబట్ట?"

"ఆమెనే సార్. మంచి మనిషి." కరీముద్దీన్ గర్వంగా చెప్పాడు.

డాక్టరు గౌసియాబీ వైపు తిరిగాడు. "నువ్వెప్పుడు పడుకుంటావమ్మా?"

జవాబు కరీముద్దీన్ చెప్పాడు. "ఆమెకేంది సార్, ఇంట్లనే ఉంటది గద."

డాక్టరు పెట్టెను చెక్కబల్ల మీద కాస్త దూరంగా పెడితే హోరు తగ్గుతుందని, బొంత అక్కర్లేదని చెప్పాడు. గొట్టాన్ని తలగడ కింది నుంచి తిప్పితే తాడు అక్కర్లేదన్నాడు. తడిబట్ట పడుకునేముందు ఒక్కసారి వేస్తే చాలన్నాడు. కరెంటు పోతే ముక్కుకు గాలి అందక మనిషి తనంతట తానే లేస్తాడని, తన చేత్తో తానే మాస్కు తీసుకోవచ్చని అన్నాడు. మన పాఠకులు గమనించాలి. ఇన్ని ఇబ్బందులకు ఇంత చిన్న మందులున్నాయి. కానీ వాటిలో గౌసియాబీ లేదు కనుక ఎవరికీ తోచలేదు.

ఆ రాత్రి వికారాబాదులో చుట్టాలింట్లో తలదాచుకున్నారు. పొద్దున తాండూరు రైలుకోసం స్టేషనుకు నడుస్తుంటే, దారిలో పూడూరు బస్సు ఆగి ఉంది. గౌసియాబీ కూడా ఆగింది.

"నేను ఇస్మత్ కాడికి పోతున్న."

"ఎందుకు? బిడ్డకు పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది."

"మరి నా పట్టీ ఎవరు కడ్తరు?"

"రెండు చేతులున్నయి గద."

కరీముద్దీన్ తన రెండు చేతుల వైపు, వాటిలో ఉన్న పెట్టె వైపు చూసుకున్నాడు. బస్సు కదిలింది.

పూడూరులో ఇస్మత్ తల్లిని చూసి సంతోషించి, అన్నం పెట్టింది. గౌసియాబీ తిన్నది. మధ్య అర్రలో చాప మీద దిండు వేసుకుని, తల పెట్టింది. అంతే.

సాయంత్రం లేవలేదు. రాత్రి అన్నానికి పిలిస్తే ఊఁ అని అటు తిరిగింది. తెల్లారింది. కోళ్ళు వాకిలంతా తిరిగాయి. ఎండ గుమ్మం దాటి చాప దాకా వచ్చింది. గౌసియాబీ లేవలేదు.

ఇంట్లో కలవరం మొదలైంది. ఇస్మత్ అత్త ఖుర్షీద్ నుదురు ముట్టుకుని చూసింది. జ్వరం లేదు. కడుపు మీద చెయ్యి వేసింది. నొప్పి లేదు. మరి రోగం ఏమిటి? మగవాడు పొద్దెక్కేదాకా పడుకుంటే అలసిపోయాడని అంటారు. ఆడమనిషి పొద్దెక్కేదాకా పడుకుంటే ఏమనాలో ఆ ఇంట్లో మాట లేదు.

"ఏమన్న సోకిందేమో. మీ అమ్మీ వచ్చే తొవ్వల ఎక్కడన్న దిగిందా?" ఖుర్షీద్ అడిగింది.

"బస్సు దిగి సీద ఇంటికే వచ్చింది అత్తమ్మా."

ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు. ఇల్లంతా దగ్గారు. గౌసియాబీ దగ్గలేదు. ఉల్లిగడ్డ కోసి ముక్కు దగ్గర పెట్టారు. ఆమె నిద్రలోనే దాన్ని పక్కకు నెట్టి, కొంగు మొహం మీదికి లాక్కుంది. ఆ లాక్కోవడం చూసి ఇస్మత్‌కు ఏడుపొచ్చింది. అల్లుడు చాంద్‌పాషా సైకిలెక్కి పోయి, తాండూరు నాపరాళ్ళ దుకాణానికి ఫోను చేశాడు. జంగప్ప రోడ్డు దాటి వచ్చి చెప్పాడు.

"కరీంభాయ్, మీ ఇంటామె నిన్న పండుకున్నది ఇంక లేవలేదంట."

కరీముద్దీన్ అప్పుడే నిద్ర లేచాడు. మాస్కు తానే పెట్టుకుని, పట్టీ తానే కట్టుకుని, రాత్రంతా చక్కగా పడుకున్నాడు. ఆ మాట జంగప్పకు గొప్పగా చెప్పబోతున్నవాడల్లా నోరు మూసుకున్నాడు. నిద్రలో మనుషులకు ఏమేం జరుగుతాయో ఆ గల్లీలో ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఊపిరి ఆగుతుంది. కుదిపేవాళ్ళు పక్కన లేకపోతే ఆగిపోతుంది.

చెప్పులు వేసుకోవడం మరిచిపోయాడు. పెట్టె మాత్రం మరిచిపోలేదు.

వికారాబాదు దాకా రైల్లో, అక్కడి నుంచి బస్సులో దాన్ని ఒళ్ళోనే పెట్టుకున్నాడు. టాపు మీద వెయ్యమన్న కండక్టరుతో, "మా ఇంటామె ఊపిరి ఉన్నది ఇందుల" అన్నాడు. కండక్టరు జరిగి కూర్చున్నాడు.

పూడూరులో బస్సు దిగి ఆయన ఉరుకుతూ వచ్చేసరికి వాకిట్లో జనం ఉన్నారు. తోవ ఇచ్చారు. చాప పక్కన మోకాళ్ళ మీద కూలబడి, వగరుస్తూ, గొట్టం తగిలించి, మాస్కు ఆమె ముక్కుకు పెట్టి, పట్టీ తల వెనక్కి తిప్పబోయాడు. కరెంటు ఉందో లేదో చూసుకోలేదు.

గౌసియాబీ కళ్ళు తెరిచింది. మొహం మీద మాస్కు, దానిపైన భర్త, ఆయనపైన ఊరు.

"ఏమైంది?"

"నువ్వు లేస్తలేవు."

"పండుకున్న."

"ఎందుకు?"

ఆ ప్రశ్నకు అక్కడున్నవాళ్ళంతా ముందుకు వంగారు.

"నిద్రొచ్చింది" అన్నది గౌసియాబీ.

కరీముద్దీన్ గోడకు జారగిలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు. అల్లా పేరు తలుచుకున్నాడు. ప్రాణం కుదుటపడ్డాక మనిషికి గుర్తొచ్చేది ఏమిటి? ఆయనకూ అదే గుర్తొచ్చింది.

"పానం మంచిగనే ఉన్నది గద. లే మరి. పొద్దుటిసంది చాయ్ తాగలేదు, జర చాయ్ పెట్టు."

ఆమె మాస్కు తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

"పెండ్లిల్లల్ల ఊరు ఊరంతటికి వండుతవు. ఇయ్యాల నాకొక్కదానికి చాయ్ పెట్టు" అని, గోడవైపు తిరిగి పడుకుంది.

ఖుర్షీద్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చాంద్‌పాషా పైకప్పు చూశాడు. మామను ఎవరైనా అలా అనడం అతను ఎన్నడూ వినలేదు. కరీముద్దీన్ లేచి, చొక్కా చేతులు మడుచుకుని వంటింట్లోకి పోయాడు.

ఒక్క మనిషికి ఎన్ని పాలు పోయాలో, ఎంత చాయ్‌పత్తి వెయ్యాలో ఆయనకు తెలియదు. ఆయనకు తెలిసిన కొలతలన్నీ పెళ్ళి కొలతలు. ఇస్మత్ గిన్నె చాలక పక్కింటి గుండిగ తెప్పించాడు. యాలకులు దంచాడు. ఆ పూట పూడూరులో ఆ వాడంతా చాయ్ తాగింది. బస్సు దిగి అటుగా పోతున్నవాళ్ళు కూడా తాగారు. ఇంత మంచి చాయ్ ఈ ఊళ్ళో ఎన్నడూ తాగలేదని అందరూ అన్నారు.

గౌసియాబీ గ్లాసు చాప పక్కన పెట్టాడు. అది చల్లారింది. పైన మీగడ కట్టింది. ఒక ఈగ వచ్చి అంచు మీద వాలితే కరీముద్దీన్ తన రుమాలుతో, చప్పుడు కాకుండా తోలాడు.

ఎవరూ ఆమెను లేపలేదు.